ఊడ్చిన నేల, కప్పిన నేల



మన భోజనశాల వెనుక గోడ పక్కన ఉన్న కూరమడిని మీరందరూ చూచి ఉంటారు. గత సంవత్సరం ఆ మడిలో మూడు మార్లు గోంగూర విత్తాము. మూడు మార్లూ పోగొట్టుకొన్నాము. మొదటిసారి మొలకలు వానకు కొట్టుకొనిపోయాయి. రెండవసారి జానెడు ఎత్తు పెరిగి, పసుపుబారి, అక్కడే నిలిచిపోయాయి. మూడవసారి ఏమి జరిగిందో ఎవరికీ తెలియదు. సెలవులు ముగిసి మనం తిరిగి వచ్చేసరికి మడిలో గడ్డి తప్ప మరేమీ లేదు.

అవి అంగడిలో కొన్న విత్తనాలైతే ఇంత చింత ఉండేది కాదు. బాగాన్ దాతుక్ ప్రాంతపు కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన ఒక నాయనమ్మగారు, తమ తల్లి కాలం నుండి ఏటేటా విత్తి, కోసి, తిరిగి దాచుకొంటూ వచ్చిన విత్తనమది. పాత పాలపొడి డబ్బాలో బూడిద కలిపి భద్రపరచిన గింజల్లో నుండి మనకు గుప్పెడు ఇచ్చారు. ఆమె ఇప్పుడు పట్టణంలో పదునాలుగవ అంతస్తులో నివసిస్తున్నారు. అక్కడ విత్తుకొనడానికి నేల లేదు. డబ్బాలో గింజలూ లేవు. మూడు విత్తుల తరువాత మన వద్ద మిగిలినది ఒక చెంచాడు మాత్రమే.

ఆ చెంచాడునూ నేలపాలు చేయక ముందు, మడి మనలను ఎందుకు ఓడించిందో తెలిసికొనడం అవసరమైంది. తెలిసికొన్నది మీకు చెబుతాను. దానిలో మొదటి తప్పు నాదే.

తెల్లవారగానే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టడం మన ఇళ్లలో తరతరాల మర్యాద. ఆకు ఒక్కటి కూడా లేని వాకిలిని చూచి ఆ ఇంటివారిని మెచ్చుకొంటాము. మంచి అలవాటే, పాములూ తేళ్లూ గడప దరికి రాకుండా కాపాడేది కూడా అదే. అయితే వాకిలికి చేసే మర్యాదను మనం కూరమడికి కూడా చేశాము. గొతొంగ్ రొయొంగ్ జరిగిన ప్రతిసారీ మీరూ నేనూ కలిసి మడిలోని ఆకులన్నిటినీ గోకి తీసి, నల్ల సంచుల్లో నింపి, చెత్త లారీకి అప్పగించాము. మడి అద్దంలా ఉన్నదని అందరూ అన్నారు. మొక్కల అన్నాన్ని మన చేతులతోనే మూటకట్టి పంపివేస్తున్నామని ఆనాడు నాకు తోచలేదు.

ఇక్కడి వానను ఒకసారి తలచుకొనండి. హైదరాబాదులో సంవత్సరానికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో అధిక భాగం జూన్ నుండి అక్టోబరు లోపలే. మన మలేసియా ద్వీపకల్పంలో సుమారు 2,500 మిల్లీమీటర్లు. ఇంత వాన కురిసే దేశంలో నేల ఎంతో సారవంతంగా ఉంటుందని అనుకొంటాము. జరిగేది వేరు. మొక్కకు ఆహారమైన నత్రజని, పొటాష్, సున్నం వంటివి నీటిలో కరుగుతాయి. వాననీరు వాటిని వేళ్లకు అందనంత లోతుకు ఈడ్చుకొని పోతుంది. దానికి తోడు ఏడాది పొడవునా ఒకే తీరు వేడిమి ఉండడం వలన రాలిన ఆకు త్వరగా కుళ్లి కరిగిపోతుంది. చల్లని దేశాల మట్టిలో ఏళ్లతరబడి నిలువ ఉండే నల్లని సారం మన మట్టిలో నిలువదు.

అట్లయితే మన అడవుల్లో అంతటి మహావృక్షాలు ఏమి తిని బ్రతుకుతున్నాయి? అడవి తన ధనాన్ని మట్టిలో పాతిపెట్టుకోదు. చెట్లలోనూ, నేలమీది ఆకుల పొరలోనూ ఉంచుకొంటుంది. ఆకు రాలుతుంది, బూజులు, చెదపురుగులు, వానపాములు దానిని విడగొడతాయి, అందులోని సత్తువను వాన మోసుకొని పోక ముందే పైపైన అల్లుకొన్న వేళ్లు తిరిగి పీల్చుకొంటాయి. పీల్చినది మళ్లీ ఆకు అవుతుంది. మనం ఆకును ఊడ్చిన చోట ఆ తిరుగుడు ఆగిపోతుంది.

నా మాట నమ్మకండి. మీరే చేసి చూడండి. రెండు పెద్ద ప్లాస్టిక్ సీసాలను పెద్దల సహాయంతో నిలువుగా కోసి, రెండింటిలోనూ ఒకే మట్టిని నింపండి. సీసాల మూతులు బయటకు ఉండేటట్లు బల్ల అంచున కొంచెం వాలుగా పెట్టండి. ఒక దానిలోని మట్టిని బోడిగా వదలి, రెండవ దానిలో ఎండుటాకులు కప్పండి. రెండింటి మీదా ఒకే కొలత నీటిని పూలకుండీల జల్లెడ చెంబుతో పోసి, మూతుల కింద గ్లాసులు ఉంచండి. బోడి మట్టి నుండి వచ్చే నీరు పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. కప్పిన మట్టి నుండి నీరు ఆలస్యంగా వస్తుంది, తక్కువగా వస్తుంది, చాలవరకు తేటగా వస్తుంది. మన మొదటి విత్తు మొలకలు ఆ టీ రంగు నీటితోనే కాలువలోకి పోయాయి.

ఎండ సంగతి కూడా అటువంటిదే. మధ్యాహ్నం బోడి నేల మీద అరచేయి ఆనించి, తరువాత మామిడిచెట్టు కింద ఆకులు తొలగించి ఆ నేల మీద ఆనించండి. వానపాము ఎక్కడ ఉండగోరుతుందో మీ అరచేయే చెబుతుంది.

ఈ సంగతి మన పూర్వుల కళ్లెదుట మలయా అంతటా జరిగిపోయింది. 1877లో సింగపూరుకు రబ్బరు మొలకలు వచ్చాయి. వాటిలో కొన్నిటిని మన పేరాక్‌లోని కువాలా కాంగ్సార్‌లో నాటారు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాల్లో రబ్బరు తోటలు దేశమంతటా వ్యాపించాయి. చెట్ల నడుమ గడ్డిపోచ కూడా కనిపించరాదని ఆనాటి తోటల దొరలు పట్టుబట్టేవారు. ఆ కలుపును వంగి తీసిన కూలీలలో ఎందరో భారతదేశం నుండి వచ్చినవారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. కలుపు లేని కొండవాలులు చూడడానికి శుభ్రంగా ఉన్నాయి. వానలు ఆ ఎర్రమట్టిని నదుల్లోకి కడిగివేశాయి. నష్టం కళ్లకు కట్టిన తరువాత, 1920, 1930 దశకాల్లో, తోటలవారు పద్ధతి మార్చి, ప్యూరేరియా, సెంట్రోసీమా, కాలొపొగోనియం అనే తీగలను చెట్ల నడుమ కావాలని పెంచడం మొదలుపెట్టారు. కొత్తగా నాటిన ఆయిల్ పామ్ తోట పక్కగా ప్రయాణం చేసినప్పుడు, నేలంతా పచ్చని దుప్పటి పరచినట్లు అల్లుకొన్న తీగను మీరు చూచి ఉంటారు. అది కలుపు అని మీ నాన్నగారు అంటే, కాదని వినయంగా చెప్పవచ్చు.

ఆ తీగలన్నీ చిక్కుడు కుటుంబానికి చెందినవి. అవి నేలను కప్పడమే కాక, గాలిలోని నత్రజనిని మట్టికి అందిస్తాయి. నిజానికి ఆ పని చేసేది మొక్క కాదు; దాని వేళ్ల మీది చిన్న బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు. మొక్క వాటికి చక్కెర పెడుతుంది, అవి మొక్కకు నత్రజని ఇస్తాయి. మన మడిలోని అలసంద మొక్కను, లేదా మలయ్ వారు కచాంగ్ బోటోల్ అనే నాలుగు రెక్కల చిక్కుడును, వేళ్లు తెగకుండా పెరికి చూడండి. ఒక బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. మన రక్తానికి ఎరుపునిచ్చే పదార్థానికి దగ్గరి బంధువైన పదార్థమే ఆ రంగుకు కారణం. లోపల గులాబీగా ఉంటే పని సాగుతున్నదని గుర్తు. కాపు ముగిసిన చిక్కుడును మొదలంటా పెరికివేయకండి. నేలమట్టానికి కోసి, వేళ్లను మట్టిలోనే వదలండి.

అడవిని గురువుగా చేసికొని తోట వేయాలనే ఈ ఆలోచనకు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చిన పేరు పెర్మాకల్చర్. శాశ్వత వ్యవసాయం అని దాని భావం. ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపంలో బిల్ మాలిసన్ అనే అధ్యాపకుడు, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే యువ విద్యార్థి కలిసి ఈ మాటను కల్పించారు. వారి తొలి గ్రంథం 1978లో వెలువడింది. అడవికి ఎవరూ నీరు పోయరు, ఎరువు వేయరు, అయినా అది ఏటేటా పెరుగుతుంది. మనకు తిండి పెట్టే చెట్లతోనే అటువంటి కూర్పును ఎందుకు చేయరాదు? ఇది వారి ప్రశ్న. నేలను కాపాడడం, మనుషులను కాపాడడం, అవసరానికి మించినదాన్ని పంచడం అనే మూడు నియమాలను వారి మార్గాన్ని అనుసరించేవారు పాటిస్తారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. టాస్మానియా చలి దేశం. ఆ మార్గపు పుస్తకాల్లో ఎండ వేడిని రాత్రి కొరకు నిలువ చేసే రాతి గోడలు, రాళ్లు పేర్చి కట్టిన గుండ్రని మడులు అందంగా కనిపిస్తాయి. మనకు వేడిని నిలువ చేసికొనవలసిన అవసరం ఏ రాత్రీ లేదు. ఆ రాళ్ల సందులు నత్తలకు మేడలవుతాయి. పుస్తకంలోని బొమ్మను కాదు, దాని వెనుక ఉన్న ప్రశ్నను మన వాకిట్లోకి తెచ్చుకొనాలి.

తెలుగు నేల మీద కూడా ఇదే ప్రయత్నం సాగుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ అనే ప్రభుత్వ సంస్థ రైతులకు ప్రకృతి వ్యవసాయం నేర్పుతున్నది. అక్కడి రైతులు తొలకరికి ముందే పలు రకాల ధాన్యాలు, పప్పుగింజలు, ఆకుకూరలు కలిపి నవధాన్యాలుగా చల్లి, నేలను ఏడాదిలో వీలైనన్ని రోజులు పచ్చగా ఉంచడానికి ప్రయత్నిస్తారు. నేలను ఎండుగడ్డితోనో, ఆకులతోనో, పైరుతోనో కప్పి ఉంచడాన్ని వారు ఆచ్ఛాదన అంటారు. చక్కని మాట. మన తోటలో కూడా దానినే వాడుదాము. ఒకటవ తరగతివారికి నోరు తిరగకపోతే దుప్పటి అన్నా చాలు.

ఇప్పుడు మన మడిలో చేసిన మార్పులు చెబుతాను. ఎండుటాకులు, కోసిన గడ్డి, ముక్కలు చేసిన అరటి ఆకులు, నాలుగు వేళ్ల మందాన పరిచాము. మొక్క కాండానికి తగలకుండా చుట్టూ బెత్తెడు చోటు వదిలాము. తడి ఆకు కాండానికి ఆనుకొని ఉంటే కాండం కుళ్లుతుంది. విత్తనం చల్లిన వరుస మీద దుప్పటి కప్పకూడదు. మొలక అరచేయి ఎత్తు వచ్చిన తరువాతే దగ్గరకు జరపాలి. పచ్చి రంపపు పొట్టును మట్టిలో కలపవద్దు; అది కుళ్లే ప్రయత్నంలో మట్టిలోని నత్రజనినే వాడుకొని మొక్కలను పసుపు చేస్తుంది. మన రెండవ విత్తు పసుపుబారడానికి అదే కారణమై ఉండవచ్చని ఇప్పుడు అనుకొంటున్నాను. వడ్రంగి కొట్టు నుండి రెండు బస్తాలు తెచ్చి మడిలో కలిపినది నేనే.

మూడవ విత్తు ఎందుకు పోయిందో చెప్పడానికి పెర్మాకల్చర్‌లో ఒక మంచి సూత్రం ఉన్నది. ఇంటి నుండి దూరాన్ని బట్టి వారు స్థలాన్ని మండలాలుగా విభజిస్తారు. రోజూ కోసేది, రోజూ చూడవలసినది గడప పక్కన. వారానికొకసారి చూస్తే చాలునన్నది దాని అవతల. ఎవరూ పట్టించుకోకపోయినా బ్రతికేది చివరన. మీ అమ్మమ్మగారు కరివేపాకు మొక్కను పెరటి తలుపు పక్కన ఎందుకు పెట్టారో ఆలోచించండి. తాలింపు మాడక ముందే చేతికి అందాలి గనుక. మన మొదటి మడి గోడ చాటున ఉండేది. అటు ఎవరూ నడిచేవారు కాదు. ఇప్పుడు గోంగూరను మీరు టిఫిన్ డబ్బాలు కడిగే కుళాయి పక్కకు మార్చాము. అక్కడికి రోజుకు అరవై మంది వస్తారు. ఆకు మీద పురుగు వాలితే ఎవరో ఒకరు కేక వేస్తారు. పాత చోట అరటి, బొప్పాయి, వాటి కింద చిలగడదుంప తీగ నాటాము. అవి మన కోసం ఎదురుచూడవు.

భోజనశాల నుండి రోజూ కూరగాయల తొక్కలు, పాలు పిండిన కొబ్బరి పిప్పి వస్తాయి. వాటిని కుప్పగా పోస్తే దుర్వాసన వస్తుంది. ఒక బకెట్టు పచ్చి తొక్కలకు మూడు బకెట్ల ఎండుటాకులు పొరలు పొరలుగా వేస్తే రాదు. కుప్ప మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉంటే లోపల వేడి పుడుతుంది. సరిగా కుదిరితే 55 నుండి 65 డిగ్రీల వరకు చేరుతుంది. చేయి పెట్టకండి. ఇనుప కడ్డీని లోపల గుచ్చి, కాసేపటికి తీసి, మెల్లగా తాకి చూడండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండుటాకులు చాలలేదని అర్థం. ఇటువంటి కుప్పలను పద్ధతిగా వేయడం ఎట్లాగో ఇండోరులో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ అనే శాస్త్రజ్ఞులు పరిశోధించి 1931లో గ్రంథంగా ప్రకటించారు. భారతీయ రైతులే తనకు ఆచార్యులని హోవర్డ్ చెప్పుకొనేవాడు. మాంసం, చేప, వండిన అన్నం మాత్రం మన కుప్పలో వేయము, ఎలుకలు వస్తాయి.

ఎలుకలకంటె పెద్ద భయం దోమలది. డెంగీ జ్వరం మన దేశంలో ఎంత బాధిస్తుందో మీ ఇళ్లలో కొందరికి అనుభవమే. ఏడిస్ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చేవరకు పట్టే కాలం ఇక్కడి వేడిలో వారం, పది రోజులు. తడి ఆకుల్లో అది పెరగదు. నిలిచిన నీటిలో పెరుగుతుంది. కొబ్బరి చిప్ప, పగిలిన బకెట్టు, పూలకుండీ కింది పళ్లెం, మడత పడిన ప్లాస్టిక్ కాగితం, ఇవీ దాని ఇళ్లు. అందుచేత ప్రతి శుక్రవారం నాలుగవ తరగతివారు తోటంతా తిరిగి, నీరు పట్టే ప్రతి వస్తువునూ బోర్లిస్తారు. ఈ ఒక్క పని మరచిపోయే తోట కంటె తోట లేకపోవడమే మేలు.

నత్తల సంగతి క్లుప్తంగా: సాయంత్రం వేళ చేతి తొడుగులతో ఏరండి. వట్టి చేతులతో తాకవద్దు. వాటిలో మనుషులకు హాని చేసే పురుగు ఉండవచ్చు. కోసిన ఆకుకూరను పారే నీటిలో రెండు మార్లు కడిగి, వండుకొని తినండి.

ఇక గోంగూర. ఆ చెంచాడులో సగం మాత్రమే కుళాయి పక్కన విత్తాము. మిగిలిన సగం డబ్బాలోనే ఉంది. మొలకలు నిలిచాయి, ఆకులు ముదురుపచ్చగా వచ్చాయి. అంతలోనే మోకాలి ఎత్తు కూడా రాక ముందే మొగ్గలు తొడిగాయి. మళ్లీ ఏదో తప్పు జరిగిందని మీలో కొందరు బెంగపడ్డారు. తప్పు మనది కాదు, సూర్యునిది కూడా కాదు. గోంగూర పగటి పొడవును లెక్క పెట్టే మొక్క. ఆంధ్రలో వేసవి పగళ్లు పొడవుగా ఉన్నంతకాలం అది ఆకు వేస్తూ ఎత్తు పెరుగుతుంది. పగళ్లు కురుచ అయిన తరువాత పూస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు ఏడాది పొడవునా పగలు దాదాపు పన్నెండు గంటలే. కనుక మొక్క పూసే కాలం వచ్చినదనుకొని తొందరపడుతుంది. ఇక్కడ రోసెల్ అని ఎర్రని కాయల పానీయం చేసేది కూడా ఈ మొక్క బంధువే. దానిని పెంచేవారికి ఈ తొందర లాభం, పచ్చడి కోరే మనకు నష్టం. నాయనమ్మగారికి ఫోనులో చెబితే ఆమె నవ్వి, మొగ్గలను గిల్లమన్నారు. కొస గిల్లిన చోట రెండు కొమ్మలు వస్తాయి; ఆకు పెరుగుతుంది. ఆమె పగటి పొడవు మాట ఎన్నడూ వినలేదు, తల్లి గిల్లడం చూచారు, తానూ గిల్లారు.

పన్నెండు మొక్కలు దక్కాయి. పదింటిని గిల్లాము, వాటి ఆకుతో చేసిన పచ్చడిని మీరు ఉగాదినాడు తిన్నారు. రెండింటిని, అన్నిటికంటె బలంగా ఆలస్యంగా పూసినవాటిని, గిల్లకుండా విత్తనానికి వదిలాము. త్వరగా పూసినదాని విత్తనం దాస్తే, మరుసటి తరం మరింత త్వరగా పూసే అవకాశం ఉంది.

ఇప్పుడు ఆ కాయలు గోధుమరంగుకు తిరిగి, పగలబోతున్నాయి. గింజలను నీడలో వారం రోజులు ఆరబెట్టి, గోటితో నొక్కినా గుంట పడని గట్టిదనం వచ్చిన తరువాత, జల్లించిన పొడి బూడిదతో కలిపి గాజు సీసాలో పోస్తాము. మొదటి పొట్లం పదునాలుగవ అంతస్తుకు వెళుతుంది. అక్కడి వరండాలో రెండు కుండీలకు చోటు ఉన్నదట. తరువాత మీకు. ఇంటికి ఇరవై గింజల చొప్పున ఇస్తాము. ఒక చిన్న కాగితపు కవరు తెచ్చుకొని, దాని మీద మీ పేరు తెలుగులో రాయండి. పదింటిని విత్తండి, పదింటిని దాచండి. విత్తిన తేదీని, మొదటి మొగ్గ కనిపించిన తేదీని ఆ కవరు మీదనే రాసి, వచ్చే సంవత్సరం తరగతికి తిరిగి తీసికొని రండి. ఎవరి మొక్క అన్నిటికంటె ఆలస్యంగా పూసిందో చూచి, ఆ గింజలనే మడిలో వేద్దాము.